రోసమ్మ చేచి అడిగిన ఎనిమిది నిమిషాలు

కొబ్బరినూనెలో అరటికాయ ముక్కలు వేగుతున్న వాసన, అప్పుడే విప్పిన అట్టపెట్టెల్లోంచి కొత్త కాగితం వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలాయంటే మేముండే గల్ఫు ఊరు మనామాలో మలయాళీల పుస్తకాల పండగ మొదలైనట్టే. మొన్న గురువారం డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్ళాను. వేదిక మీద నడివయసాయన ఒకరు కవిత పాడుతున్నారు. వాళ్ళకు కవిత అంటే చదువుకునేదాని కంటే గొంతెత్తి పాడుకునేది. నా పక్కన యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చిన నర్సమ్మ, ఆవిడ వెనక సిమెంటు దుమ్ముతోనే వచ్చేసిన మేస్త్రీ, ఇద్దరూ పెదాలు కదుపుతూ తరవాతి పాదం ముందే అందుకుంటున్నారు. నేనూ అందుకున్నాను. పుస్తకాల బల్ల దగ్గర కూర్చున్న పాతికేళ్ళ అమ్మాయి నన్ను వింతగా చూసి, "మీరు మలయాళీయేనా?" అని అడిగింది. కాదమ్మా, మాది కాకినాడ అన్నాను. మరి ఇదంతా ఎలా వచ్చిందంది. "రోసమ్మ చేచి నేర్పింది" అన్నాను. ఆ పిల్ల కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆవిడను ఈ అమ్మాయి ఎన్నడూ చూడలేదట. ఆరు నవలలూ చదివిందట. "ఎలా ఉండేవారు?" అని అడిగింది. వెనక జనం తోసుకుంటుంటే ఏం చెప్పను? ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. మలయాళ దేశంలో రోసమ్మ పేరు చెబితే పెద్ద పెద్ద కవులు కూడా మాట తగ్గిస్తారు. తెలుగువాళ్ళకు ఆవిడెవరో తెలియదు. తెలియాలి. అందుకు నాకంటే తగినవాడు ఇంకొకడు లేడని కూడా చెప్పేస్తున్నాను, గొప్పలు పోతున్నాడనుకున్నా సరే.

మనామాలోనే హూరా అనే పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అందులో రోగుల ఫైళ్ళు భద్రపరిచే రికార్డుల గది. ఆ గదికి పెద్ద రోసమ్మ చేచి. నేను గుమస్తాగా చేరడానికి వెళ్ళిన రోజున కుర్చీలో కనిపించింది ఓ సన్నపాటి మనిషి, నేత చీర, మెడకు తాడు కట్టిన కళ్ళజోడు. నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "మీ భాషలో ఇప్పుడు రాస్తున్న కవి ఒకరివి నాలుగు లైన్లు చెప్పు" అంది. ఫైళ్ళు సర్దే ఉద్యోగానికి కవిత్వమేమిటి, నా మొహం! ఆవిడకేం తెలుస్తుందిలే అని సినిమా పాట ఒకటి అందుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"అది ట్యూను మోసుకొచ్చింది. మాటలే సొంతకాళ్ళ మీద నడిచి వచ్చిందేదైనా ఉంటే చెప్పు."

నా దగ్గర లేదు. అంతలో అంబులెన్సు డ్రైవర్ అష్రఫ్ ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చాడు. చేచి అతని వైపు తిరిగి ఒక కవి పేరు చెప్పింది. బండి తాళాలు వేలికి తిప్పుకుంటూనే ఆ మనిషి వాన మీద ఒక కవిత మొదలుపెట్టి అయిదు నిమిషాలు ఆపకుండా పాడి, సంతకం పెట్టించుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు. నేను బీకాం ఫస్టు క్లాసు. అతను ఎనిమిదో తరగతి. నాకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం మాత్రం ఇచ్చింది. ఎందుకిచ్చిందో నాకు అర్థం కావడానికి నాలుగేళ్ళు పట్టింది.

మా మాటలు మొదట్లో సగం హిందీ, సగం ఇంగ్లీషు. తరవాత తరవాత మలయాళం. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను. చేచి అంటే అక్క. ఆసుపత్రిలో అందరికీ ఆవిడ చేచే, అరబ్బు డాక్టర్లతో సహా.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేస్తే ఆవిడ మాత్రం కదలదు. రద్దయిన పాత ఫారాల వెనక వైపున పెన్సిలుతో రాసుకుంటూ కూర్చునేది. మన మీద రిపోర్టులు రాస్తోందని నేను గట్టిగా నమ్మాను. నా పక్క సీట్లవాళ్ళను కూడా నమ్మించాను. రెండు నెలలపాటు గదిలో ఒక్కడూ గట్టిగా తుమ్మలేదు. చివరికి అష్రఫ్ ఈ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వి, ఆ శుక్రవారం నన్ను వాళ్ళ సాహిత్య సభకు లాక్కెళ్ళాడు. హాలు కిటకిటలాడుతోంది. ఓ నవలలో కథానాయిక భర్త దగ్గరికి తిరిగి వెళ్ళడం న్యాయమా కాదా అని ఇద్దరు మగవాళ్ళు చొక్కాలు పట్టుకునే దాకా వచ్చారు. మరొకాయన లేచి, ఈ ముగింపు వల్ల మా ఇంట్లో వారం రోజులుగా వంట సరిగ్గా లేదని ఫిర్యాదు చేశాడు. అంత గొడవకూ కారణమైన రచయిత్రి వేదిక మీద కూర్చుని నిమ్మళంగా అరటికాయ చిప్స్ తింటోంది. మా చేచి! నేను నోరెళ్ళబెట్టాను.

మర్నాడు ఆఫీసులో భక్తిగా దండం పెట్టబోతే, తప్పు అరలో పెట్టిన ఫైలు ఒకటి నా ముందు పడేసింది. "నవల్లో పేజీ తారుమారైతే పాఠకుడు నన్ను తిడతాడు. ఇక్కడ కాగితం తారుమారైతే మనిషి పోతాడు. ఏది పెద్ద పని?" అని అడిగింది. నేను తల వంచుకుని ఫైలు తీసుకెళ్ళి సరైన అరలో పెట్టాను.

మలయాళం నేర్చుకుంటానని నేనే అడిగాను. ఒకటో తరగతి వాచకం తెచ్చి ఇచ్చింది. హూరా సందుల్లో హోటళ్ళ బోర్డులు చదివించేది, తప్పు చదివితే అక్కడే రోడ్డు మీద పడీపడీ నవ్వేది. ఏడాదికల్లా కథలు చదివాను, రెండో ఏడు నవలలు. వాళ్ళ సాహిత్యం గురించి చేచి పాఠాలుగా కాదు, ఇరుగుపొరుగు కబుర్లలాగే చెప్పేది. ఫలానా కవి బడిపంతులు, కల్లుపాకల దగ్గర ఆగి తన కవిత అక్కడివాళ్ళ చేత పాడించుకునేవాడట. వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే పాదం విరిచేవాడట. ఫలానా నవలాకారుడు పడవల రేవులో గుమస్తా. ఆయన రాసేదాకా పడవలవాళ్ళ తిట్లు అచ్చులో చూసినవాడు లేడట. "మా కవులు జనం గొంతును నమ్ముకున్నారు. నవలాకారులు జనం పనిని నమ్ముకున్నారు. ఒక మనిషి రోజంతా ఏం పని చేస్తాడో తెలియకుండా వాడి మనసు గురించి రాయకు" అనేది. ఆ మాట విన్నాక నేను తెలుగులో అంతకుముందు రాసి దాచుకున్న రెండు కథలు తీసి చూశాను. రెండింట్లోనూ ఎవడూ ఏ పనీ చేయడు. కిటికీలోంచి చూస్తూ నిట్టూరుస్తుంటారు. చింపేశాను. ఇప్పటికీ చింతించలేదు.

ఆవిడ నవలల్లో మా ఆసుపత్రి లాంటి ఆసుపత్రి వస్తుంది, రికార్డుల గది వస్తుంది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఇవన్నీ ఫైళ్ళలోంచి తీసినవేనా అని. చేచి ముఖం గంటు పెట్టుకుంది. "ఫైల్లో ఉన్నది రోగిది, ఆసుపత్రిది. దాన్ని నేను ముట్టను. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పుకున్నది చెప్పుకున్నవాడిది. వాడు రాయమంటే రాస్తాను, వద్దంటే నాతోనే పోతుంది" అంది. ఆ గీత ఆవిడ దాటగా నేను చూడలేదు.

నాలుగో నవలను తెలుగు చేస్తానని నేనడిగిన రోజు బాగా గుర్తు. అంతకుముందే ఇద్దరు ముగ్గురు హిందీవాళ్ళు అడిగితే, ఇప్పుడు కాదు అని పంపేసింది. నన్ను మాత్రం ఒక్క నిమిషం చూసి, "చెయ్" అంది. నాకు ఆకాశం అందినంత పనయింది. నా భాషా పటిమ చూసే ఒప్పుకుందని మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను, మా బావమరిదికి చెప్పాను, వాడు వినకపోయినా చెప్పాను.

పని ఇలా నడిచేది. శుక్రవారం పొద్దున్నే హూరాలో ఆవిడ ఫ్లాటుకు వెళ్ళాలి. వారం రోజుల్లో నేను తెలుగు చేసింది గట్టిగా చదవాలి. ఆవిడ మలయాళ పుస్తకం ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటుంది. బల్ల మీద వంటింటి టైమర్ తిరుగుతుంటుంది. ప్రతి అధ్యాయం నెత్తిన పెన్సిలుతో ఒక అంకె వేసి ఉండేది. ఆవిడ తనే గట్టిగా చదివితే ఎన్ని నిమిషాలు పట్టిందో అదీ అంకె. "తెలుగు నాకు రాదు. కానీ నా వాక్యాలకు ఎంత ఊపిరి కావాలో నాకు తెలుసు" అనేది. నా తెలుగు ఎప్పుడూ రెండు మూడు నిమిషాలు ఎక్కువే తీసుకునేది. "మీ తెలుగువాళ్ళు మాటకు ముందు గొంతు సవరించుకుంటారు" అని వెక్కిరించేది. నేనూ ఊరుకునేవాణ్ణి కాను, మీరు మాటలు మింగేస్తారు అనేవాణ్ణి. అలా ఎనిమిది అధ్యాయాలు హాయిగా నడిచాయి.

తొమ్మిదో అధ్యాయం దగ్గర నేను తెలివితేటలు ప్రదర్శించాను.

ఆ అధ్యాయంలో ఇద్దరు తెలంగాణ కూలీలు వస్తారు. ఒకే దిక్కు ఊళ్ళవాళ్ళు, స్నేహితులు. కడుతున్న భవనం మీద నుంచి ఒకడు పడి చనిపోతాడు. వాడు నడుముకు బెల్టు పెట్టుకునే ఉన్నాడు, బెల్టు తగిలించిన తాడు పాతదై తెగింది. కానీ వాడే బెల్టు విప్పేసి నిర్లక్ష్యంగా పనిచేశాడని ఫోర్మన్ కాగితం రాయించి, రెండోవాడి చేత సంతకం పెట్టించుకుంటాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో వాడు పెట్టేస్తాడు. చచ్చిన స్నేహితుడి మీద అబద్ధం. చేచి ఆ సంతకం పెట్టే చేతిని, ఆ తరవాత వాడు క్యాంపుకు పోయి అన్నం తినడాన్ని, తిన్నందుకు వాడికి వాడి మీదే పుట్టిన అసహ్యాన్ని కొన్ని పేజీలపాటు రాసింది. వాణ్ణి వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు.

నాకు ఒళ్ళు మండింది. మలయాళీ నవలలో అబద్ధం చెప్పేవాడు మనవాడే కావాలా? దానికి తోడు నేను ఆంధ్రావాణ్ణి. తెలంగాణ మనిషి సాటి మనిషి శవం మీద అబద్ధపు సంతకం పెట్టాడని నా చేత్తో రాసి హైదరాబాదులో అచ్చేస్తే నన్ను బతకనిస్తారా? సంతకం గొడవంతా ఎత్తేశాను. స్నేహితుడు పడిపోయాడు, వీడు ఆసుపత్రి వరండాలో ఏడ్చాడు, అంతటితో అధ్యాయం ఆపేశాను. చదువుకుంటే ఎంతో బాగుందనిపించింది. నిజం చెప్పాలంటే అసలు దాని కంటే బాగుందని కూడా అనిపించింది.

శుక్రవారం మంచి ఊపు మీద చదివాను. అయిపోగానే చేచి కళ్ళు తెరిచి టైమర్ చూసింది. పద్నాలుగు. పుస్తకంలో పెన్సిలు అంకె చూసింది. ఇరవై రెండు.

"ఎనిమిది నిమిషాలు ఎక్కడ పెట్టావు, సూర్యం?"

"టైమర్ పాడైందేమో చేచీ."

"నిన్న రాత్రి దీంతోనే గుడ్లు ఉడికించాను. బాగానే ఉడికాయి."

ఇక దాచి లాభం లేదని అంతా కక్కేశాను. మనవాళ్ళ పరువు గురించి, పత్రికలవాళ్ళ గురించి, ఆంధ్రా తెలంగాణ గురించి పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరికి అంది, "నా మొదటి నవలలో మా చర్చి పెద్దమనిషినే దొంగను చేశాను. మా అమ్మ రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మా వాళ్ళలో నవల రాసిన ప్రతివాడూ సొంత ఇంటి మీదే రాశాడు. పక్కింటివాళ్ళ తప్పులు చెప్పుకోవడానికి నవలెందుకు, నోరు చాలదూ?"

"ఇక్కడ పక్కిల్లు మీరు చేచీ. ఇల్లు మాది."

"అయితే పద, ఇంటికే వెళ్దాం. యల్లా, చెప్పులేసుకో" అంది.

బస్సెక్కించి జుఫైర్ తీసుకెళ్ళింది. పెద్ద అపార్ట్‌మెంటు టవరు, దాని కింద మెట్ల పక్కన కాపలాదారు గది. యాభై ఏళ్ళ మనిషి, గళ్ళ లుంగీ మీద కంపెనీ చొక్కా వేసుకుని, చేచిని చూడగానే స్టూలు తుడిచి వేశాడు. పేరు లింగయ్య. చేచి అతనితో హిందీలో, "నీ భాషలో రాసేవాడు ఇతనే" అంది. ఆ మనిషి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సార్, తెలుగుల రాస్తున్నరంట గదా. జర కూసోండ్రి. నేను సంతకం పెట్టింది ఒచ్చిందా సార్ దాంట్ల?"

నవలలో మనిషి నా ముందు నిలబడి ఉన్నాడు. నేను పరువు కాపాడానని సంబరపడ్డది ఇతనిదే. ఇంకా రాలేదని, ఆ భాగం రాస్తున్నానని నీళ్ళు నమిలాను. చేచికి తెలుగు రాదు. నా మొహం మాత్రం చూస్తూనే ఉంది.

"అది ఒక్కటి మంచిగ రాయిండ్రి సార్, తతిమ్మాది ఎట్లున్నా పర్వాలేదు. సత్తయ్య, నేను ఒక్క విమానంలనే ఒచ్చినం. జగిత్యాల దిక్కు పక్క పక్క ఊర్లు మావి. వాడు బెల్టు పెట్టుకున్నడు సార్. పొద్దుగాల నేనే బిగించిన. అంబులెన్స్ రాకముందే ఫోర్మన్ ఆ బెల్టు ఇప్పించిండు. కాయితం తెచ్చిండు. సంతకం పెడ్తవా, రేపు ఫ్లైట్ ఎక్కుతవా అన్నడు. పెట్టిన. ఆ కంపెనీ గూడ ఇప్పుడు లేదు, ఖలాస్. నా సంతకం మాత్రం ఉన్నది."

"సత్తయ్య ఇంట్లోవాళ్ళకు చెప్పలేదా?"

"రెండు సార్లు ఛుట్టీల పోయిన. వాని భార్య సుజాత ఎదురుంగనే కూసున్న. ఛాయ్ పోసింది. అన్నా మంచిగున్నవా అన్నది. నోరు రాలే సార్. ఈడికి ఒచ్చినంక ఆసుపత్రికి పోయిన, వాని కాయితంల ఏం రాసి ఉన్నదో సూద్దమని. చేచి కాయితం ఇయ్యలే. కూసోబెట్టి ఛాయ్ ఇచ్చింది. అప్పుడు చెప్పిన అంత. రాయనా అన్నది. రాయి చేచి అన్న. రాసింది. వీళ్ళందరు సదివి ఏడ్చిండ్రంట. గని సార్, సుజాతకు వీళ్ళ బాస రాదు గదా. మన బాసల అచ్చయితే తీస్కపోయి ఆమె చేతుల పెడ్త. నా నోరు చెప్పనిది అది చెప్తది."

ఈ నవల చదివి వేలమంది మలయాళీలు ఏడ్చారు. దాని అవసరం నిజంగా ఉన్నది ఒక్క తెలుగు మనిషికి. ఆవిడకు చేరాల్సిన పేజీలనే ఏరి మరీ నేను కోసి పారేశాను. సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే అది అలవాటుగా అనే మాటలా ఉంటుంది. కానీ ఆ పూటకు నాకు మరో మాట తోచడం లేదు.

తిరుగు బస్సులో నేనే అడిగాను, అందుకేనా నాకు ఉద్యోగమిచ్చింది, తెలుగు చేయడానికి ఒప్పుకున్నది అని. "మరి? నీ తెలుగు బాగుందనుకున్నావా? నాకు తెలుగు రాదు కదా" అంది. ముందే చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. "చెబితే భయంతోనో జాలితోనో రాసేవాడివి. రెండూ నాకు పనికిరావు. మామూలుగా రాస్తావేమోనని చూశాను." నా వైపు తిరక్కుండానే, "ఇప్పుడు మాత్రం నీ తెలుగు బాగుండాలి, సూర్యం" అంది. మా బావమరిదికి చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఆ పేజీలకు మూడు వారాలు పట్టింది. లింగయ్య మాట్లాడిన తీరునే అందులోకి తెచ్చుకున్నాను. నా గోదావరి యాస చేతికి అడ్డం పడితే సెలవు రోజుల్లో జుఫైర్ వెళ్ళి అతని ముందు కూర్చుని చదివాను. ఎక్కడైనా నేను వాక్యాన్ని అందంగా తిప్పితే అతను, "గంత పెద్దగ అనుకోలే సార్, ఉత్తగ భయమయింది" అనేవాడు. కొట్టేసేవాణ్ణి. చేచి ముందు మళ్ళీ చదివినప్పుడు టైమర్ ఇరవై ఆరు చూపించింది. తగ్గించమంటారా అని అడిగాను. "వద్దు. ఆ మనిషికి ఎంతసేపు పడితే అంత" అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే, అది మెప్పని కూడా ఇంటికెళ్ళాక గానీ నాకు తట్టలేదు.

హైదరాబాదు ప్రచురణకర్త మంచివాడే. కానీ ఆయనా ఫోను చేసి, "తొమ్మిదో అధ్యాయం కొంచెం బరువుగా ఉంది సార్, ఒక నాలుగు పేజీలు లేపేద్దామా?" అన్నాడు. అచ్చం నా గొంతే. లేపేస్తే పుస్తకమే వద్దన్నాను. ఎందుకో గంటసేపు చెప్పాను. సరేనన్నాడు. అప్పటికి చేచి రిటైరై కొట్టాయం దగ్గర సొంతూరికి వెళ్ళిపోయింది. వారానికోసారి ఫోను చేసేది, అచ్చయిందా అని ఒక్కసారీ అడిగేది కాదు, లింగయ్య ఎలా ఉన్నాడని మాత్రం అడిగేది. పుస్తకం ప్రెస్సులో ఉండగానే పోయింది. నిద్రలోనే పోయిందని అష్రఫ్ కౌంటర్ దగ్గరికి వచ్చి చెప్పాడు. నేను ఫైళ్ళ అరల మధ్యకు వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను. పుస్తకం చేతికిద్దామనుకున్నాను. రెండు నెలలు ఆగి ఉంటే ఏం పోయింది ఆవిడకు!

పుస్తకం వచ్చింది. లింగయ్య ఒక కాపీ అడిగి తీసుకుని, నా ఫోను నంబరు దాని లోపలి అట్ట మీద రాయించుకుని, సెలవు మీద ఊరికి వెళ్ళాడు. వారం గడిచింది. నాకు ఏ కబురూ లేదు. నవల నచ్చిందని హైదరాబాదు నుంచి ఒకరిద్దరు ఫోన్లు చేశారు. వాళ్ళు ఏం చెప్పారో నా చెవికెక్కలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఇండియా నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడమనిషి గొంతు.

"సార్, నేను సుజాతను. సత్తయ్య భార్యను. మా బిడ్డ మీ పుస్తకం పొద్దటి సంది సదివి ఇనిపించింది. పేర్లు వేరే ఉన్నయి. ఒక్కటి అడుగుత సార్. అది కతనా, నిజమా?"

నవల అంటే కథేనమ్మా అనేసి తప్పుకోవచ్చు. రాసిన మనిషి లేదు. చెప్పుకోవాల్సినవాడు ఏమైనట్టు? లింగయ్య ఏమన్నాడమ్మా అని అడిగాను.

"ఏం అనలే. పుస్తకం నా చేతుల పెట్టి బయటికి పోయిండు. గప్పటి సంది వాకిట్ల ఎండల నిలవడ్డడు."

"నిజమమ్మా" అన్నాను. "సత్తయ్య బెల్టు పెట్టుకునే ఉన్నాడు. తాడు తెగింది. లింగయ్య నాకు తన నోటితో చెప్పాడు."

అవతల ఏడుపు వినిపించింది, ఆ ఏడుపులోనే మాటలు.

"పదకొండేండ్లు సార్. ఇంటికాడ పెండ్లాం పిల్లలున్నరని సోయి లేకుంట బెల్టు ఇప్పిండని పదకొండేండ్లు తిట్టుకున్న ఆయనను. దినాలల్ల గూడ మనసుల తిట్టుకుంటనే పిండం పెట్టిన. ఫొటో గోడకు ఎయ్యలే. పెట్టెల అడుగుకు తోసిన. నా మొగడు మంచిగనే పెట్టుకున్నడు సార్, మంచిగనే పెట్టుకున్నడు..."

లింగయ్యను ఏమంటుందోనని నేను వింటున్నాను. ఆవిడ ముక్కు చీదుకుని, ఫోను పక్కకు పెట్టి, గట్టిగా పిలిచింది. "అన్నా, ఎండల ఏంది గట్ల నిలవడుడు? లోపటికి రా. అన్నం తిందువు గని, రా." తరవాత నాతో, "ఉంట సార్, అన్న ఇంక రాలే, పోయి తీస్కొస్త" అని పెట్టేసింది.

ఫోను కిందపెట్టాక మొదట చేచికి చెబుదామని చెయ్యి నంబరు మీదకు పోయింది, ఆవిడ లేదని తరవాత గుర్తొచ్చింది. ఆ తరవాత చేచి మిగతా నవలల్లో రెండు తెలుగు చేశాను. ఇతర మలయాళ నవలాకారులవి మూడు, కవులవి కొన్ని. బాగానే చేశానని అనుకుంటున్నాను, అనుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కానీ ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట, ఇది మనవాళ్ళకు నచ్చదు, ఎత్తేద్దామా అనిపిస్తుంది. ఆ ఎనిమిది నిమిషాలను నేను అలాగే వదిలేసి ఉంటే సుజాత ఇవాళ్టికీ ఆ చచ్చిన మనిషిని తిట్టుకుంటూనే ఉండేది. అది తలచుకుంటే ఒళ్ళంతా చల్లబడుతుంది. ఆ భయం నాకింకా పోలేదు. పోకూడదనే కోరుకుంటున్నాను.